పద్నాలుగో వంతెన

సినిమాల కోసం నేను పన్నెండు వంతెనలు కట్టాను. పన్నెండూ కూలిపోయాయి. కూలడానికే కట్టాను కాబట్టి అందులో నా తప్పేమీ లేదు. కొన్ని రైలుతో సహా నదిలో పడ్డాయి, కొన్ని బాంబుకు ముక్కలయ్యాయి, రెండు వరదకు కొట్టుకుపోయాయి. ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి వెనకున్న రేకుల షెడ్డులో మూడు వారాలు చెమటోడ్చి చేసిన చిన్న నమూనాను స్టూడియోలో మూడు సెకన్లలో నాశనం చేసి అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ కొట్టేవాణ్ణి. ఇప్పుడు వంతెనలన్నీ కంప్యూటర్లోనే కూలుతున్నాయి. ఎనిమిదేళ్లుగా నన్ను పిలిచినవాడు లేడు.

ఈ గొడవంతా మా అమ్మాయి ప్రణతి పెళ్లిలో నేను నోరు జారడంతో మొదలైంది. మా వియ్యంకుడు వెంకటనర్సయ్యగారు రైల్వేలో బ్రిడ్జి ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. బోరబండ స్టేషను దగ్గర వాళ్ల ఇంటి మేడ మీది గదిలో ఆయన చిన్న రైళ్ల లైను వేసుకున్నారు. బొమ్మ రైలు అంటే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. అసలు రైలులో సరిగ్గా ఎనభై ఏడో వంతు అని సరిదిద్దుతారు. గోడల వెంబడి చుట్టూ బల్లలు, వాటి మీద పట్టాలు, స్టేషన్లు, గేట్లు, సిగ్నళ్లు. తలుపు దగ్గర మాత్రం మనిషి లోపలికి రావడానికి నాలుగడుగుల ఖాళీ వదిలారు. కావాలంటే ఎత్తి పక్కన పెట్టుకునే వంతెన ఒకటి ఆ ఖాళీ మీద పడితేగాని రైలు గది చుట్టూ తిరగదు. మూడేళ్లుగా ఆయన రైలు తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోతోంది.

ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర ఆయన ఈ కష్టం చెప్పుకున్నారు. నేను పెరుగన్నం కలుపుకుంటూ, వంతెనల్లో నాది ముప్పై ఏళ్ల అనుభవమనీ, ఇప్పటికి పన్నెండు కట్టాననీ, పదమూడోది ఆయనకేననీ చెప్పేశాను. ఆ పన్నెండూ ఇప్పుడెక్కడున్నాయని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

గొప్పకు అన్న మాటే అయినా ఇంటికొచ్చాక నాకు ఆశ పుట్టింది. నా చేతులతో చేసినది ఈ భూమ్మీద ఒక్కటీ మిగల్లేదు. ఇదిగో ఇది నేను కట్టాను అని చూపించడానికి షెడ్డులో చెక్కపొట్టు తప్ప ఏమీ లేదు. ఒక్కటైనా నిలబడాలి. నేను పోయాక కూడా దాని మీద రైలు నడవాలి. అరవై మూడేళ్ల వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదంటే నమ్మండి.

మూడు వారాల్లో పదమూడో వంతెన తయారైంది. ఇనుపరంగు వేసిన చెక్క కమ్మీల మీద తుప్పు, ఆ తుప్పు మీద వాన చారలు, మూలల్లో నాచు, పావురాల రెట్టలకు సున్నం చుక్కలు, ఒక్కో రివెట్టుకు ఒక్కో జిగురు బొట్టు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, యూసఫ్‌గూడ మీదుగా బోరబండ వెళ్తుంటే, ఏ సినిమాకని డ్రైవరు దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఇది సినిమాకు కాదు, అసలు పనికి అని చెప్పాను. అలా చెప్పుకోవడం ఎంత బాగుందో.

మా వియ్యపురాలు శకుంతలమ్మగారు వంతెనకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వెంకటనర్సయ్యగారు తన డీజిల్ ఇంజనుకు నాలుగు పెట్టెలు తగిలించారు. రిటైరైన రోజున ఆయన కింద పనిచేసినవాళ్లంతా కలిసి ఇచ్చిన ఇంజను అది. నా నోరు ఊరుకోక, అలవాటు కొద్దీ, యాక్షన్ అంది. ఇంజను సరిగ్గా మధ్యకు రాగానే వంతెన మెల్లగా వెనక్కి ఒరిగి, ఒక్క క్షణం ఆగి, రైలుతో సహా నేల మీద పడింది. ఎంత అందంగా పడిందంటే, నా చేతులు చప్పట్లకు లేచాయి. శకుంతలమ్మగారి ముఖం చూసి దించుకున్నాను.

ఇంజను కొక్కెం విరిగింది, ఒక చక్రం వంగింది. వెంకటనర్సయ్యగారు దాన్ని తీసి తువ్వాలుతో తుడిచి పక్కన పెట్టారు. తర్వాత వంతెనను ఎత్తి వెనక్కి తిప్పి చూశారు. ముందువైపు టేకు చెక్క. వెనకవైపు అట్టముక్కలు, వెదురు పుల్లలు. కెమెరా చూడని వైపుకు మంచి చెక్క పెడితే మా ఆర్ట్ డైరెక్టర్లు తిట్టేవాళ్లు. వెనకవైపు కూడా కట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ వైపు ఎవరూ చూడరు కదా అని గొణిగాను.

“సూశెటోళ్లకు ఒక్క దిక్కు చాలు బావగారు. రైలుకు రెండు దిక్కులు గావాలె,” అన్నారాయన.

అంతటితో వదిలితే బాగుండేది. ఆయన బీరువాలోంచి లావుపాటి బ్రిడ్జి రిజిస్టరు తీసి, కళ్లజోడు పెట్టుకుని, నా ఎదుటే అర పేజీ రాశారు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఆడపిల్ల తండ్రి మీద ఎంక్వైరీ రాసిన వియ్యంకుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆటోలో తిరిగొస్తూ దారంతా పళ్లు కొరుక్కున్నాను.

పద్నాలుగోదానికి రెండు నెలలు పట్టింది. ఈసారి రెండు వైపులా టేకే. ఏప్రిల్ ఎండకు షెడ్డు రేకులు కాలిపోతున్నాయి, చెమట పడి జిగురు పట్టడం లేదు. ఇటు అతికిస్తే అటు ఊడేది. రంపం బ్లేళ్లు అరడజను విరిగాయి. రెండుసార్లు మొత్తం విసిరికొట్టాను, రెండుసార్లూ మా ఆవిడ సీతామహాలక్ష్మి ముక్కలన్నీ ఏరి చేటలో పోసి, అన్నానికి రమ్మని చెప్పి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ పడగొట్టడానికి కట్టినప్పుడు ఇంత కష్టం లేదు. నిలబెట్టాలంటే ప్రాణాలు తోడేస్తోంది.

కమ్మీలు, దూలాలు ఒక్కలా రావడానికి పాత సినిమాల నాటి చెక్క అచ్చు బయటకు తీశాను. అందులో చెక్క పెట్టి గాడుల వెంబడి రంపం లాగితే చాలు. అది దొరికాక పని కాస్త సాగింది.

మే నెలలో వంతెన ఆయన బల్లల మధ్య పడింది. ఆయన రైలు నడపలేదు. ముందు చిన్న సుత్తి తీసుకుని, చెవి ఆనించి, ఒక్కో అతుకునూ కొట్టి విన్నారు. అసలు వంతెనల మీద రివెట్లు వదులయ్యాయో లేదో అలాగే చూస్తారట. గంటన్నర పాటు టిక్కు టిక్కుమంటుంటే నేను గుమ్మంలో నిలబడి కాళ్లు మార్చుకున్నాను. ఒకచోట మూడుసార్లు కొట్టి ముందుకు పోయారు. మళ్లీ వెనక్కొచ్చి కొట్టారు.

రైలు నడిచింది. వంతెన కదల్లేదు. నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అప్పుడాయన సొరుగులోంచి అగ్గిపుల్లంత ఎత్తున్న పసుపు బోర్డులు రెండు తీసి, వంతెనకు ఇటొకటి అటొకటి నిలబెట్టారు. వాటి మీద పది అని రాసి ఉంది. వంతెన మీద నమ్మకం కుదిరేదాకా గంటకు పది కిలోమీటర్లు దాటి పోకూడదని రైల్వేలో పెట్టే బోర్డట. ఏం లోపం కనబడిందని అడిగాను. శబ్దం జర తేడాగా ఉందన్నారు. ఎక్కడని అడిగితే, అదే తెలుస్తలేదన్నారు.

ఆ బోర్డులు నా ప్రాణానికి వచ్చాయి. ఇంటికి ఎవరొచ్చినా ఆయన రైలు నడిపి చూపిస్తారు. గదంతా జోరుగా తిరిగిన రైలు నా వంతెన ముందుకొచ్చేసరికి ఈడ్చుకుంటూ పోతుంది. ఎందుకలా అని అడిగితే, గా బ్రిడ్జి మీద ఇంక భరోసా రాలేదని ఉన్నమాట చెప్పేస్తారు. ప్రణతి ఫోన్లో ఇదంతా నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. సంచీ నిండా ఇనుప బోల్టులు తీసుకెళ్లి గూడ్సు పెట్టెల్లో నింపి, ఆయన ఎదుటే ఇరవై చుట్లు తిప్పాను. వంతెన చెక్కు చెదరలేదు. ఆయన తలూపారు. బోర్డులు మాత్రం తీయలేదు.

“పడకపోవుడు వేరు, భరోసా వేరు బావగారు,” అన్నారు నెమ్మదిగా.

ఆ మాటతో నెల రోజులు బోరబండ వైపు పోలేదు. ఫోను చేస్తే స్నానంలో ఉన్నానని చెప్పించాను. నిలబడిన ఒకే ఒక్క వంతెన మీద ఈ మనిషి అనుమానపు బోర్డు పెట్టాడని కుమిలిపోయాను. చివరికి, తప్పు ఆయన చెవులదే అని రుజువు చేయాలని నిశ్చయించుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే భూతద్దం సంచీలో వేసుకుని వెళ్లాను. వెంకటనర్సయ్యగారు కూరగాయలకు ఎర్రగడ్డ వెళ్లారట. శకుంతలమ్మగారు టీ ఇచ్చి, పైకి వెళ్లి కూర్చోమన్నారు. వంతెనను మేడ మీద ఎండలోకి తెచ్చి, తిరగేసి, ఒక్కో అతుకూ చూశాను. ఒక్కోటి చూస్తుంటే నా పనితనానికి నాకే ముచ్చటేసింది. వెనకవైపు కింది దూలం మీద, ఎడమ నుంచి మూడో అతుకు దగ్గర రంగు ఒక వెంట్రుకంత పలచగా కనబడింది. గోటితో గీరాను. లప్పం రాలింది. కింద రంపం కోత ఉంది, సరిగ్గా సగం లోతు దాకా.

నాకు ఆ కోత కొత్త కాదు. సినిమా వంతెనలన్నిటికీ కింది దూలంలో అక్కడే పెట్టేవాణ్ణి. సగం కోసి, లప్పం నింపి, రంగు వేస్తే కెమెరాకు కనబడదు. యాక్షన్ అనగానే వెనకనుంచి తీగ లాగితే సరిగ్గా అక్కడ విరుగుతుంది. పాత అచ్చులో ఆ చోట రంపానికి గాడి ఉంది. చెయ్యి దానంతటదే పోయింది. కోసినట్టు గుర్తులేదు, లప్పం పెట్టినట్టూ గుర్తులేదు. నిలబడాలని ఇంత తపించిన వంతెనకు కూడా నేనే కూలే ఏర్పాటు చేసి పెట్టాను. పిట్టగోడ మీద కూలబడ్డాను. నా చేతుల మీద నాకు అసహ్యం వేసింది.

సంచీలో జిగురు ఉంది. కోతలోకి నాలుగు చుక్కలు, పైన కాస్త రంగు, పది నిమిషాల పని. ఎవరికీ తెలియదు. జిగురు మూత తీశాను కూడా. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కూరగాయల సంచీతో, ఆయాసపడుతూ ఆయనే వచ్చారు.

“మీకు కోపమొచ్చిందని నాకెరుకే బావగారు. శకుంతల గూడ నన్నే తిట్టింది. నా చెవులే ముసలిగయినయేమో,” అని, గదిలోకి వెళ్లి ఆ రెండు బోర్డులూ తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

ఆ క్షణం కోసమే కదా నెలల తరబడి ఉడికిపోయింది. ముందు ఆయన మీదే కోపం వచ్చింది. నిన్న తీసి ఉంటే ఎంత సంతోషించేవాణ్ణి. ఈ ఒక్కరోజే దొరికిందా ఈయనకు. బోర్డులు జేబులో వేసుకుని టీ తాగి ఇంటికి పోవచ్చు. పోలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్లి ఆ కోతలో పెట్టాను.

“మీ చెవులు బాగానే ఉన్నాయండీ,” అన్నాను.

పన్నెండు వంతెనల కథా, తీగ సంగతీ, అచ్చు సంగతీ అన్నీ చెప్పాను. ఆయన లోపలినుంచి సుత్తి తెచ్చి ఆ దూలం మీద ఒక్కసారి కొట్టి విన్నారు. ముఖం వెలిగిపోయింది. నేనిక్కడ తల కొట్టుకుంటుంటే ఈయనకు తన చెవి నిజమైనందుకు సంబరం. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

తర్వాత రిజిస్టరు వచ్చింది. కొత్త పేజీ తీసి, తేదీ వేసి, పెన్ను నా చేతికిచ్చారు. లోపం ఏమిటి, ఎక్కడ, కనిపెట్టినవారెవరు అని గళ్లున్నాయి. మొదటి రెండూ రాశాను. మూడో గడి దగ్గర ఆగి, కనిపెట్టింది మీరే కాబట్టి మీ పేరే రాసుకోండి అన్నాను.

“నేను ఇన్న, గంతే. దొరకవట్టింది మీరు. ఇంటిపేరుతోని రాయున్రి.”

ముప్పై ఏళ్లలో నా పేరు తెర మీద ఒక్కసారీ పడలేదు. మినియేచర్లు అని వేసినప్పుడు కూడా పక్కన ఆర్ట్ డైరెక్టరు పేరే ఉండేది. నేను కట్టిన వంతెన పక్కన నా పేరు ఎవరైనా రాయమనడం ఇదే మొదటిసారి. అది కూడా నేను చేసిన తప్పు ఎదుట. తోటకూర సుబ్రహ్మణ్యం అని ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. బోర్డులు ఇంకా నా ఎడమ చేతిలోనే ఉన్నాయి. వంతెనను గదిలోకి తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టి, ఆ రెండింటినీ నేనే అటూ ఇటూ నిలబెట్టాను.