విశాల్ కారుకు మామ పేరు

నీలం నగర్ సందులోకి ఎర్ర కారు దూరేసరికి, గడపల మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లు చాటలు ఒడిలోకి లాక్కున్నారు. కారు ఆగాక కూడా విశాల్ రెండుసార్లు ఇంజను ఉరిమించాడు. ఆ ఉరుములో పక్క కార్ఖానాలో తువ్వాళ్లు నేసే సాంచాల చప్పుడు కాసేపు వినబడలేదు. సాంచం అంత అరిస్తే తువ్వాలైనా వస్తుంది అనుకున్నాడు సిద్ధరాములు.

ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. కారు దిగిన రాజయ్య ఆయన భార్య లలితకు తమ్ముడు. విశాల్ రాజయ్య కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు. వెనక ఫైలు పట్టుకుని వచ్చినవాడు ఇన్సూరెన్స్ ఏజెంటు మంగేశ్. లలిత పోయి పదకొండు నెలలైంది. పెద్దకర్మ తర్వాత రాజయ్య ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

"ఎట్లున్నవు బావా?" అని, జవాబు కోసం ఆగకుండానే కూర్చున్నాడు. "ఫక్త్ ఒక సంతకం. రెండు నిమిషాల పని."

పుణెలో ఎవరో కొన్నాళ్లు వాడుకుని అమ్మేసిన కారు అది. పదకొండు లక్షలు పోసినప్పుడు రాజయ్య బేరమాడలేదు. ఇన్సూరెన్సు తొంభై నాలుగు వేలు అనగానే బేరానికి దిగాడు. కుర్రవాడి వయసు, కారు వేగం, పోయిన ఏడాది హోట్గి రోడ్డులో డివైడరెక్కించిన పాత కారు క్లెయిము, అన్నీ కలిసి అంత అయ్యాయి.

"మీ పేరు మీద బండి రాయిస్తే చాలా తగ్గుతది సర్," అన్నాడు మంగేశ్. "తొమ్మిదేండ్లల్ల మీరు ఒక్క క్లెయిము చేయలే. దానికిచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, కారుది కాదు, ఓనరుది. కారు అమ్మినా మీ దగ్గరనే ఉంటది."

సిద్ధరాములుకు ఒక చిన్న తెల్ల కారు ఉండేది. స్పీడు ముల్లు నలభై దాటితే పక్క సీట్లోంచి లలిత, "ఎవలన్న తరుముతున్నరా?" అనేది. ఆమె పోయిన మూడో నెలలో దాన్ని అమ్మేశాడు. ఎందుకని అడిగినవాళ్లతో, బడి దగ్గరే కదా అన్నాడు.

ఆ తొమ్మిదేళ్ల నిదానాన్ని ఇప్పుడు ఈ పిల్లవాడికి తొడగాలట.

"నడిపేది ఎవరు?"

"నేనే మామా," అన్నాడు విశాల్, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"ఎవరినన్న గుద్దితే?"

"అరే బావా, అపశకునం మాటలెందుకు? కంపెనీ ఇస్తది గద!"

"ఇయ్యనంటే?"

మంగేశ్ గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు కోర్టు ఓనరునే పిలుస్తది సర్."

రాజయ్య అతణ్ని గుర్రుగా చూశాడు. ఇంత నిజాయితీ కోసం వెంటబెట్టుకొని రాలేదు.

సిద్ధరాములు ఆ కాగితాన్ని పరీక్ష పేపరులా పైనుంచి కిందికి చదివాడు. "ఇరవై ఎనిమిదేండ్ల సంది మార్కులేస్తున్న రాజయ్యా. తొంభై నాలుగు వేలని నీ కొడుక్కు ఇంత సరిగ్గ మార్కులేసినోళ్లను ఇప్పుడే చూస్తున్న."

విశాల్ తల ఎత్తాడు. మంగేశ్ ఫైలులోకి తల దించాడు.

"ఎగతాళి ఎందుకు? పేరే గద అడిగిన, కిడ్నీ అడిగిన్నా?" రాజయ్య గొంతు లేచింది. "మన కాడ ఎవని సాంచాలు ఎవని పేరు మీద ఉన్నయో అందరికి ఎరుకనే. అక్క పేరు మీద నాలుగు సాంచాల మీటరు పెట్టిన, పన్నెండేండ్లాయె. ఏమన్న అయ్యిందా అక్కకు?"

తను ఏమన్నాడో రాజయ్యకు తట్టలేదు. తట్టకపోవడమే అతని ఆస్తి.

మీటరు చిన్నదైతే కరెంటు రేటు తక్కువ. అందుకని ఆ వాడలో సాంచాలను అమ్మ పేరు మీద కొన్ని, వదిన పేరు మీద కొన్ని, అక్క పేరు మీద కొన్ని పంచేస్తారు. పొరుగింటికి చక్కెర ఇచ్చినట్టు లలిత తన పేరు ఇచ్చింది.

"అది ఇంకా ఆమె పేరు మీదనే ఉన్నదా?"

"మరి? మారిస్తే రేటు పెరగదా? సచ్చినోళ్ల పేరు ఎవడు చూస్తడు?"

సిద్ధరాములు కాగితాలను వెనక్కి జరిపాడు. "సంతకం పెట్ట."

"అక్క ఉంటే పెట్టిచ్చేది."

"పెట్టిచ్చేది." అది నిజం.

రాజయ్య లేచాడు. "మంచిది. సంవత్సరీకానికి మేము రాము. తల్లిగారి చీర లేకుంటనే చేసుకో."

ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో రాజయ్యకు తెలుసు. ఆ రోజు పోయిన ఆడదానికి తల్లిగారింటి నుంచి చీర రాకపోతే ఆమెకు ఎవరూ లేరని సందు సందంతా అంటుంది. లలిత బతికినన్నాళ్లూ తల్లిగారి చీరను మించిన చీర లేదని నమ్మింది.

"రాకు," అన్నాడు సిద్ధరాములు.

"చలా పప్పా," అన్నాడు విశాల్, తనూ లేస్తూ. "రామన్న కాకా పేరు మీద అయితదేమో చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, సిద్ధరాములు మరణ ధ్రువపత్రం తీసుకుని కరెంటు ఆఫీసుకు వెళ్లాడు. మీటరు ఎవరి పేరుకు మార్చాలని గుమాస్తా మరాఠీలో అడిగాడు. ఎవరి పేరుకూ వద్దు, ఆమె పేరు తీసేస్తే చాలు అన్నాడు. రాజయ్యకు ఎంత పెరుగుతుందో లెక్క వేయలేదు.

అక్కడి నుంచి కొంతం చౌక్‌లో చీరల దుకాణానికి వెళ్లాడు. మగడు కొన్న చీర తల్లిగారి చీర కాదని ఆయనకు తెలుసు. దుకాణంలో అమ్మాయి ఏ రంగు చూపమంటారని అడిగింది. లలిత చీరలు ఎప్పుడూ లలితే ఎంచుకునేది. అన్ని రంగులూ చూపమన్నాడు సిద్ధరాములు.