మంచు పాటల్లో పన్నెండోది

మంచు అంటే ఫ్రీజర్ గోడలకు పేరుకునే తెల్లటిదేనా, లేక అది వేరే రకమా అని అబ్దుల్ ఖుద్దూస్‌కు ఈ అరవై ఆరేళ్ళలో ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయినా ముప్పై డిసెంబర్లు దాని మీద కట్టిన పాటలే సాక్సఫోన్‌లో ఊదుకుంటూ వచ్చాడు, కువైట్ హోటల్ లాబీలో, క్రిస్మస్ పేరు ఎత్తకుండా శీతాకాలపు సంగీతం అని బోర్డు పెట్టి మరీ, ఇప్పుడేమో జూలై, శుక్రవారం, నమాజు అయిపోయింది, అల్ రాయ్ గోడౌన్ల వెనక ఇరుకు గది, పక్క వర్క్‌షాపులో సుత్తి మోగనిది ఈ ఒక్క రోజే కాబట్టి రికార్డింగ్ శుక్రవారాలే, బయట యాభై డిగ్రీలు, లోపల ఏసీ కూడా కట్టేశాడు రికార్డింగ్ చేస్తున్న శరత్, దాని గురక మైకులో పడుతుందట, చెమట కనుబొమలు దాటి కళ్ళలోకి దిగుతోంది, ఈ ఉడుకులో మంచు పాటేమిటని ఎవరైనా చూస్తే నవ్విపోతారు, చూసేవాళ్ళు లేరు, అదొక సుఖం.

అద్దం అవతల శరత్ పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం చెవుల్లో హెడ్‌ఫోన్‌లోంచి వస్తోంది, అంకుల్, ఇదే లాస్టు అండీ, పియానో పెట్టట్లేదు, మీరొక్కరే, ఒకటి చెప్తా, ఏమీ అనుకోకండి, పదకొండు పాటల్లోనూ చివర మీరు ఆపట్లేదు, ఆఖరి లైను తిప్పి తిప్పి వాయిస్తూనే ఉన్నారు, నేనే మెల్లగా సౌండు తగ్గించి సరిపెట్టా, ఇది మాత్రం మీరే ముగించాలి, రెడీయా, యల్లా, కానివ్వండి, అంతే, ఎర్రబల్బు వెలిగింది, విజయవాడ మనిషి, చమురు కంపెనీలో పెద్ద ఇంజనీరు, నలభై దాటినా ఈ పిచ్చి వదల్లేదు, పదేళ్ళు లాబీలో కాఫీ తాగుతూ విని, ఇవన్నీ గాల్లో కలిసిపోకూడదండీ, మీ పేరుతో ఒక ఆల్బం ఉండాలి అని పట్టుబట్టినవాడు, అతని మాట తీసెయ్యడానికి లేదు, ఖుద్దూస్ ఊదడం మొదలుపెట్టాడు, మొదటి లైను బాగానే వచ్చింది, ముగించమంటే ముగిస్తాం, అదేమంత బ్రహ్మవిద్యా.

పై పళ్ళు కదులుతున్నాయి, నాలుగూ, ఆదివారం డాక్టరు పీకేస్తాడు, ఇంక వాయిదా వెయ్యడం కుదరదన్నాడు, సాక్సఫోన్ నోటి ముక్క పైపళ్ళకే ఆనాలి, ఆ ఆసరా పోతే స్వరం నిలవదు, కట్టుడు పళ్ళతో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు, వస్తే వస్తుంది, లేకపోతే లేదు అని ఎంత తేలిగ్గా చెప్పాడో, ఖుద్దూస్ కూడా అంతే తేలిగ్గా తలూపాడు, ఎవరి పళ్ళ గురించో చెబుతున్నట్టు, కాబట్టి ఇదే ఆఖరు పాట, ఇదీ సరిగ్గా ముగియకపోతే తన పేరున్న ఆ ఒక్క ఆల్బంలో తాను ముగించిన పాట ఒక్కటీ ఉండదు, సల్వాలో అరబ్బుల ఇంట్లో వంట చేసే భార్య హసన్‌బీ పొద్దున గిన్నె సర్దుకుంటూ అననే అంది, మా మామా, ఆ ఇంటి అరబ్బామె, అడిగె, నీ మొగుడు ఏం పని జేస్తాడని, ఊదుతాడని జెప్తి, ఎంత నవ్విందనుకున్యావు, పాట వచ్చినాక సెల్లులో ఆమెకు ఇనిపిచ్చాలబ్బా, ఇనిపిచ్చు, చివర ఏముంటుందో చూద్దాం అనుకున్నాడు, రెండో చుట్టు అయిపోయింది, ఆఖరి లైను వచ్చింది, ఆపొచ్చు, వేళ్ళు ఆపలేదు, మళ్ళీ మొదటికి పోయాయి.

అలవాటు అది, రాయచోటి బ్యాండు మేళంలో పదమూడో ఏట పట్టిన అలవాటు, పెళ్ళికొడుకు ఊరేగింపు ఎక్కడ ఆగుతుందో వెనక వాయించేవాడికి తెలియదు, ముందు నడిచే మాస్టరుకు తెలుస్తుంది, మాస్టరు అంటే అన్న షావలి, క్లారినెట్టు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తితే పాట ఆగాలి, ఎత్తేదాకా తిప్పి తిప్పి వాయించాల్సిందే, నా చెయ్యి లెయ్యకముందే నోట్లోనించి తీసినావంటే తంతా, పెదవి పగిలినా సరే, అనేవాడు, పగిలింది కూడా, రాత్రికి అన్నే వెన్న రాశాడు, కువైట్ వచ్చాక అన్న చెయ్యి స్థానంలోకి హోటల్ మేనేజరు తల వచ్చింది, ఆయన దూరం నుంచి తలూపితే ఆపడం, లేకపోతే సాగడం, ఇప్పుడు అద్దం అవతలికి చూశాడు, శరత్ కావాలనే వీపు తిప్పి కూర్చున్నాడు, ఎంత మొండివాడు, నాలుగో చుట్టు, చొక్కా ఒంటికి అంటుకుపోయింది, పైపన్ను ఒకటి జివ్వుమంది, ఎవరూ తల ఊపరు, ఎవరూ చెయ్యెత్తరు, ఇలాగే వాయిస్తూ పోతే పాట కాదు, ఊపిరి అయిపోతుంది.

అలాగే ఒకసారి, పదకొండేళ్ళ కిందట, డిసెంబరే, ఇదే పాట, వెయిటర్ ఇమ్తియాజ్ ట్రే పట్టుకుని పక్కకొచ్చి చెవిలో చెప్పాడు, అన్నా, ఊరినించి ఫోనొచ్చింది, మీ షావలన్న పోయినాడంట, ఖుద్దూస్ విన్నాడు, తలూపాడు, నోట్లోంచి తీయలేదు, ఆ పాటా, తర్వాత ఇంకో మూడూ వాయించాడు, ఎంత గుండె ధైర్యమయ్యా నీది అని మేనేజరు భుజం తట్టాడు, హోటలువాళ్ళు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు, తోటివాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు, తానూ నమ్మాడు, తనది రాయిలాంటి మనసని, అందుకే కదా అన్న కోసం ఆ రోజు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు, ఏడుపు రాని మనిషినని సర్దుకుపోయాడు, ఆఖరి లైను మళ్ళీ వచ్చింది, వేళ్ళు మొదటికి పోబోయాయి, ఖుద్దూస్ సాక్సఫోన్ నోట్లోంచి తీసేశాడు.

గదిలో చప్పుడు లేదు, శరత్ ఇంకా తిరగలేదు, చెప్పాలంటే అంత కష్టమేమీ కాలేదు, తీస్తే ఆగింది, ఎవరూ తన్నలేదు, ఇంత సులువైనది పదకొండేళ్ళ కిందట ఆ లాబీలో ఎందుకు చెయ్యలేకపోయాడా అనుకున్నాడు, ఎవరు కాదనేవారు, తీసి, లేచి, వెనక వంటగదిలోకి పోయి బోరుమని ఉండేవాడు, అంతే కదా, చెమటతో పాటు ఇంకేదో కళ్ళలోంచి కిందికి దిగుతోంది, తుడుచుకోలేదు, హెడ్‌ఫోన్‌లో శరత్ గొంతు, అయిపోయిందా అంకుల్, అయిపాయ నాయనా, ఇంగొకసారి వద్దు, ఖలాస్ అన్నాడు, అంటుండగానే తెలిసింది, ఆ రోజు అన్న పోయాడని విని కూడా వాయించింది గుండె ధైర్యం వల్ల కాదు, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.