కూర్చున్న మనిషి పరుగు

నేను ఒక పేస్‌మేకర్‌ని. మందగించిన గుండెను వేళకు తట్టిలేపడం నా ఉద్యోగం. మా వంశంలో తొలితరం వాళ్లు పాతకాలం రేడియో అంత ఉండేవారట. గోడలో కరెంటు పోతే వాళ్ల పనీ ఆగిపోయేదట. నేను అగ్గిపెట్టె కంటే పలచగా ఉంటాను. పైగా మనిషి కదలికను పసిగట్టి, నడిస్తే కొంచెం, పరిగెత్తితే ఇంకొంచెం గుండె వేగం పెంచుతాను. ఆ గర్వం నాకు పుట్టుకతోనే అబ్బింది.

వేటపాలెంలో చీరలు నేసే భద్రావతికి నన్ను ఎడమ భుజం దిగువన, చర్మం లోపల అమర్చారు. అంతకుముందు ఆమె మగ్గం మీదే స్పృహ తప్పి పడిపోయింది. గాయం మానగానే మళ్లీ గుంటలో కాళ్లు పెట్టి మగ్గం ముందు కూర్చుంది.

అప్పటికి నాకు మగ్గమంటే ఏమిటో తెలియదు. అడ్డపోగును మోసుకెళ్లే నాడె విసిరి, ఆ పోగు బిగించడానికి ఆమె పలకను ఒంటివైపు లాగినప్పుడల్లా నాకు కుదుపు తగిలేది. కుదుపు మీద కుదుపు. ఈవిడ పరిగెడుతోందనుకుని గుండెను ఉరికించాను. ఎంత ఓపిక గల మనిషో అని మెచ్చుకున్నాను కూడా. కాసేపటికే ఆమెకు దడ పుట్టి, చెమటలు పట్టి, పలక వదిలేసేది.

భర్త మల్లికార్జునరావు హడలిపోయాడు.

"ఇంక మగ్గం జోలికి పోమాకే. నీ గుండె ఒప్పుకోవడంలా."

"మరి సగం నేసిన చీర?"

"నేను నేస్తాలే."

"చెయ్యి మారితే నేత మారుద్ది. అట్టాంటి చీర ఎవురు కడతారు?"

చీర ఒక సాకు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె చేసిన పని అదొక్కటే. అది పోతే పొద్దున్నే ఎందుకు లేవాలో ఆమెకు తెలియదు. అసలు భయం అదే. డాక్టరు మాన్పించేస్తాడని, ఆసుపత్రిలో మగ్గం మాట ఎత్తనని భర్త చేత ఒట్టు వేయించుకుంది.

"ఇంట్లో ఏం చేస్తుంటారమ్మా?" అడిగాడు డాక్టరు.

"ఏం చెయ్యదండీ. ఊరికే కూచునుంటది," అన్నాడు భర్త.

డాక్టరు నాలో నమోదైనదంతా తెరమీద చూశాడు. "మరి ఇదేంటి, పూటపూటా పరిగెడుతున్నట్టుందే?"

అబద్ధాలాడే మనుషుల ఒంట్లో నావంటి వాటిని పెట్టకూడదు.

భద్రావతి తలవంచుకుని, కుర్చీలోనే లేని నాడె విసిరి, లేని పలక లాగి చూపించింది. తెరమీద అంకె ఎగబాకింది. డాక్టరు నా చురుకు తగ్గించి చూశాడు. లాభం లేకపోయింది, ఆమె నడక కంటే పలక కుదుపే పెద్దది.

"కదలికను బట్టి వేగం పెంచడాన్ని పూర్తిగా ఆపెయ్యొచ్చు. దడ రాదు. కానీ మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఏది కావాలో మీరే చెప్పండి."

"మెట్లు ఆగి ఆగి ఎక్కుతానండీ. మగ్గం కాడ ఆగలేను."

గుండెను తట్టే పని మాత్రం మిగిల్చి, నా గొప్పతనాన్ని ఒక్క నొక్కుతో ఆర్పేశారు. చాలా చిన్నబుచ్చుకున్నాను.

కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోవచ్చింది. నన్ను తీసే ముందు డాక్టరు, "నేత సాగుతోందా?" అని అడిగాడు.

"నిన్న సాయంత్రం దాకా నేస్తానే ఉన్నానండీ," అని భద్రావతి నవ్వింది.

నా స్థానంలోకి వచ్చినది కుదుపుతో పాటు ఊపిరినీ గమనిస్తుందట. మెట్లేవో మగ్గమేదో దానికి తెలుస్తుందట. మంచిదే. నేను మాత్రం ఆసుపత్రి అల్మారాలో, విద్యార్థులకు చూపించే డబ్బాలో ఉన్నాను. అన్నేళ్లూ ఆమె నన్ను ఒంట్లో ఉంచుకునే చీరలు నేసింది. ఆర్పేసిన నాకు ఒక్క కుదుపూ తెలియలేదు. ఆమె నేతకు నేను చేసిన సాయమంతా ఆ తెలియకపోవడమే.