ఎమ్మెల్యే తాగిన చాయ్

భవాని ఎమ్మెల్యే కాకముందు పద్దెనిమిదేళ్లు ధర్నాలు చేసింది. రేషన్ కార్డు, డ్రైనేజీ, వితంతు పింఛను, ఏదైతేనేం, మెట్టుగూడ ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసు మెట్ల మీద బైఠాయించేది. ఆమె నేర్పిన సూత్రం ఒకటే: పని అయ్యేదాకా వాళ్ల చాయ్ ముట్టొద్దు. చాయ్ గొంతు దిగిందంటే మాట పైకి రాదు. ఆఫీసర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే ఫైలు ఏళ్లకేళ్లు కదలదు, చాయ్ మాత్రం రెండు నిమిషాల్లో వస్తుంది.

అలాంటి భవాని ఇంటి ముందే ఒక సోమవారం పొద్దున నలభై ఖాళీ బిందెలు వచ్చి కూర్చున్నాయి. బిందెల వెనక ఆడవాళ్లు. అందరికంటే ముందు పుష్పమ్మ, పద్దెనిమిదేళ్లలో ఒక్క ధర్నా తప్పని మనిషి.

బిందెల చప్పుడు వినగానే భవాని పాత అలవాటు కొద్దీ కొంగు బిగించి పరుగున వచ్చింది. పుష్పమ్మ పక్కన చతికిలబడి పిడికిలెత్తింది.

"ఎవరి మీద పుష్పమ్మా?"

"నీ మీదనే అక్కా."

పిడికిలి గాల్లోనే ఆగింది. గన్‌మన్ లక్ష్మణ్ నవ్వు కనపడకుండా గేటు వైపు తిరిగాడు.

"పదకొండు రోజులైతుంది, నల్లాల మోరి నీళ్లొస్తున్నయ్. నీళ్ల ఆఫీసు ఇంజినీర్ దగ్గరికి పోయొస్త అన్నవ్. ఏమైంది?"

"రిపోర్టుల నీళ్లు మంచిగనే ఉన్నయంట. అయినా చూస్త అన్నడు."

"చాయ్ తాగినవా?"

భవాని పిడికిలి దించి కొంగు సర్దుకుంది. తాగింది. ఇంజినీరు ఉదయ్ భాస్కర్ "రండి మేడమ్ గారూ" అని లేచి నిలబడ్డాడు, మెత్తటి కుర్చీ వేయించాడు, పింగాణీ కప్పులో చాయ్ తెప్పించాడు. అదే ఆఫీసు మెట్ల మీద ఎండలో మాడిన ఒంటికి ఆ కుర్చీ సుఖంగా తగిలింది. నీళ్ల సంగతి అడిగింది గానీ గట్టిగా అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

"బిస్కెట్ సుత తిన్నవా?"

"రెండు."

"ఇంగేం, ఖతం," అంది వెనకనుంచి ఎవరో.

భవాని లోపలికి కేకేసి అందరికీ చాయ్ పెట్టించింది. ఒక్కరూ ముట్టలేదు. నలభై గ్లాసుల మీద మీగడ కట్టింది. ఎన్నికల్లో ఓడిపోయినా ఆమెకు ఇంత నామోషీ ఉండేది కాదు. వీళ్లు తన చాయ్ తాగకపోతే తను వాళ్ల మనిషి కాదు. తనూ ఒక ఆఫీసరే.

"పుష్పమ్మా, మీ నల్లా నీళ్లతోటి చాయ్ పెట్టి ఫ్లాస్కుల పోసుకరా. పోదాం."

"గది ఎవలు తాగాలె?"

"నువ్వు రా జెర."

నీళ్ల ఆఫీసులో ఉదయ్ భాస్కర్ మళ్లీ లేచి నిలబడ్డాడు. "కూర్చోండి మేడమ్ గారూ." భవాని కూర్చుంది, నేల మీద. ఎమ్మెల్యే కింద ఉంటే ఇంజినీరు కుర్చీలో ఎలా కూర్చుంటాడు? ప్యాంటు మోకాళ్ల దగ్గర లాక్కుని ఆయనా కిందికి దిగాడు. ట్రేతో వచ్చిన బంట్రోతు ఎవరికివ్వాలో తెలియక గోడకు అతుక్కుపోయాడు.

"మొన్న మీరు తాపిచ్చిన్రు సార్. ఇయ్యాల మేం తాపిస్తం," అంది భవాని.

పుష్పమ్మ గ్లాసు నిండా పోసింది. యాలకులు దంచి వేసినా మురుగు వాసన దాగలేదు.

"ఇది ఎక్కడి నీళ్లతో పెట్టారండీ?"

"మా గల్లీ నల్లా నీళ్లే సార్. రిపోర్టుల మంచిగున్నయ్ గదా. తాగుండ్రి."

ఆయన గ్లాసు వంక చూశాడు. గుమ్మం దాకా నిండిన ఆడవాళ్ల వంక చూశాడు. గ్లాసు పక్కన పెట్టి ఫోన్ తీశాడు. సాయంత్రానికి గల్లీలో గుంత తవ్వారు. మోరి కింద నీళ్ల పైపు జానెడు మేర పగిలి ఉంది.

మూడో రోజు తేట నీళ్లొచ్చాయి. భవాని పుష్పమ్మ ఇంటికే వెళ్లి, ఆ నీళ్లతో తన చేత్తో చాయ్ పెట్టి అందించింది. పుష్పమ్మ గ్లాసు అందుకుంది, ఊదింది, నోటిదాకా తెచ్చి మళ్లీ కింద పెట్టింది.

"గల్లీల లైట్ల సంగతేందక్కా?"

భవాని చాయ్ చల్లారకుండా గ్లాసు మీద మూత పెట్టి, ఫోన్ తీసింది.