మట్టిలో ఉండిపోయిన సంచి

1964 వానాకాలం. బోధన్ దగ్గర చెరకు తోటల్లో కూలి చేసే నర్సన్న, నిండు చూలాలైన అతని కూతురు గంగుబాయి పుట్టగొడుగుల కూర తిన్నారు. మర్నాడు వాంతులు పట్టుకున్నాయి. తేరుకున్నట్టే కనిపించి నాలుగో రోజు ఇద్దరూ పోయారు. కూర వండిన నర్సన్న భార్య హన్మవ్వ ఆ పూట ఒక్కపొద్దు ఉండి బతికింది. గుడిసెలవాళ్ళందరికీ కాన్పులు చేసే మనిషి ఆమె. ఇప్పుడు ఆమే విషం కలిపిందన్నారు.

ఏం తిన్నారో తేల్చమని బోధన్ ఆసుపత్రి డాక్టరు, పున్నయ్య అనే లెక్చరర్‌ను పిలిపించాడు. పున్నయ్య కాలువ కింద పొలాలు కొని స్థిరపడ్డ కోస్తా రైతు కొడుకు, నిజామాబాద్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు.

"కాడ మొదట్లో తెల్లటి సంచి ఉందా అమ్మా?" అని హన్మవ్వను అడిగాడు.

"నాకేమెరుక సారూ! కొడవలితోని పైపైన కోసిన. మట్టిలున్నది ఎవరు సూస్తరు?"

ఆమెను వెంటబెట్టుకుని చెరకు గట్టుకు వెళ్ళాడు. కోసిన చోటే కొత్తవి రెండు లేచాయి. వేళ్ళతో మట్టి తోడితే కాడ అడుగున మెత్తటి సంచి బయటపడింది.

"ఇదుంటే విషమని అనుమానించాలి. వోల్వా అంటారు."

"అంటే ఏంది సారూ?"

ఏటా క్లాసులో ఆ మాట పుట్టుక చెప్పడం పున్నయ్యకు సరదా. లాటిన్‌లో చుట్టి కప్పేదని ఒక అర్థం, గర్భసంచి అని ఇంకో అర్థం. కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వితే తనూ నవ్వేవాడు.

"చుట్టుకునే గుడ్డ అని" అన్నాడు.

హన్మవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గుడ్డ కాదు సారూ. బిడ్డ ఎనుక పడే మాయ గిట్లనే ఉంటది."

"అవునమ్మా, దగ్గర దగ్గర ఆ అర్థమే. నీకు చెప్పలేకపోయాను."

"నా బిడ్డ కాన్పు గాకముందే పాయె" అంటూ ఆమె గట్టు మీద కూలబడింది.

పుట్టగొడుగులదే విషమని పున్నయ్య రాసిచ్చాడు. హన్మవ్వ ఆ సంచిని ఆకులో పెట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగింది. "పైపైన కొయ్యకుండ్రి, తవ్వి సూడుండ్రి. అడుగున గీ మాయ ఉంటే ముట్టకుండ్రి." నర్సన్న తమ్ముడు చంద్రయ్య ఆమె ముఖం మీదే తలుపు వేశాడు. మిగిలినవాళ్ళు విన్నారు, తర్వాత ఏ వానకూ తవ్వి చూడకుండా ఎవరూ వండలేదు.

కాన్పుకు మాత్రం ఆమెను ఇంకెవరూ పిలవలేదు.