చేను చుట్టూ నాటని విత్తనాలు

నేను ఒక చిన్న విత్తనాల పాకెట్‌ను. పత్తి విత్తనాల పెద్ద పాకెట్ కొన్నవాళ్లకు దానితోపాటు ఊరికే ఇస్తారు నన్ను. పెద్దదానిలోంచి మొలిచే మొక్కలు పురుగును చంపే విషాన్ని తమలోనే తయారు చేసుకుంటాయి. నా మొక్కలకు ఆ విద్య రాదు. పురుగులు తినడానికే నన్ను పుట్టించారు. చేను చుట్టూ నాటమని నా వీపు మీద బొమ్మ వేసి మరీ చెప్పారు.

అది పురుగుల మీద దయ కాదు. ఆ విషాన్ని తట్టుకునే జన్యువు ఏ కొద్ది పురుగుల్లోనో ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అవే వస్తే తప్ప ఆ విషం తిన్న పురుగు బతకదు. అలా బతికిన పురుగు నా మొక్కల మీద పెరిగిన మామూలు పురుగుతో జతకడితే పిల్లలకు ఒకటే దక్కుతుంది. అవి విషానికి చస్తాయి. ఆ జన్యువు పెరిగిపోకుండా కాపలా కాయడం నా పని.

నన్ను తెచ్చిన రైతు ఓదెలు. పెద్ద పాకెట్‌కు పసుపు కుంకుమ పెట్టాడు. భార్య రాజవ్వ నన్ను ఎత్తి చూపింది.

"మరి గిదేం జేస్తవ్?"

"పురుగులకు బువ్వ పెట్టనీకి నేనేమన్న సత్రం నడుపుతున్ననా?"

పశువుల కొట్టం రేకుల సందులో, వాన కారే చోట నన్ను దోపాడు. అక్కడ మాత్రం కాపలా బాగానే కాశాను.

ఏటా కాయలు పగిలే ముందు పరిశోధన కేంద్రం నుంచి హేమలత వచ్చేది. ఊరి చేలల్లో గులాబీ రంగు పురుగులను ఏరుకుపోయి, వాటి జన్యువులను పరీక్షించేది. కొట్టంలోనే ఆమెకు మంచం వాల్చేవారు.

"చుట్టూ చిన్న పాకెట్ వేశావా అన్నా?"

"ఏసిన మేడం. నాలుగు సాళ్లు ఏసిన."

నేను అతని నెత్తి మీదే ఉన్నాను. తర్వాతి ఏళ్ల చిన్న పాకెట్లూ వచ్చి నా పక్కనే చేరాయి.

మొదటి ఏడు ఆ జన్యువు నూటికి ఒకటి కూడా లేదని ఆమె సంబరపడింది. మరుసటి ఏడు నూటికి ఏడు. ఆపై ఏడు నలభై. ఆ రోజు ఆమె టీ కూడా ముట్టలేదు.

"ఒకటీ అరా పురుగు కాదన్నా, ఊరి పురుగుల సంతతే మారిపోయింది. మీరంతా చుట్టూ వేశామంటున్నారు. అయినా ఆగలేదంటే చిన్న పాకెట్ దండగని రాయాల్సిందే. మిగతా ఊళ్లలోనూ మానేస్తారు. నిజంగానే వేశావు కదా?"

రాజవ్వ ఒక్కసారి రేకుల వైపు చూసి, మొగుడి వైపు చూసింది. ఓదెలు గొంతు సవరించుకున్నాడు.

"అబద్ధమెందుకు చెప్త మేడం!"

రాజవ్వ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. హేమలత నమ్మింది. నేను పనికిరానని రాసింది.

ఆ ఏడు పత్తి చేతికి రాలేదు. ఏ కాయ చీల్చినా గులాబీ పురుగే. కొట్టం ముందు కూలబడి ఓదెలు కళ్లు తుడుచుకున్నాడు. "ఇత్తనపోళ్లు నమ్మిచ్చి ముంచిన్రు" అన్నాడు పక్కింటాయనతో. నా గింజలు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి.

ఎండాకాలంలో రేకులు మార్చేటప్పుడు నన్ను లాగి, పీకిన పత్తికట్టె కుప్ప మీదికి విసిరాడు. రేపు దీన్ని తగలబెడతారట. నా వీపు మీది బొమ్మ ఇంకా చెరగలేదు: మధ్యలో చేను, దాని చుట్టూ నేను.