ఫిబ్రవరి క్రిస్మస్

క్రిస్మస్ పొద్దున్నే మమ్మల్ని గులాబీ తోటలోకి తోలి గేటుకు తాళం వేశారు. మా పిల్లలు కొత్త బట్టలు వేసుకుని, బయట గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లను తరమడానికి కాపలావాడు గొట్టం తెచ్చి వాళ్ల మీద నీళ్లు కొట్టాడు. ఇది నేను కళ్లారా చూశాను. ఆట అనుకుని మొదట చిన్నవాళ్లు నవ్వారు కూడా. తోట పక్కనున్న సరస్సు మీదినుంచి వచ్చే పొద్దుటి గాలికి తర్వాత వణికిపోయారు.

మా గులాబీలు యూరప్‌కు పోతాయి. ఫిబ్రవరిలో అక్కడ ప్రేమికుల రోజట. వాళ్ల ప్రేమకోసం మా చేతుల్లో ముళ్లు దిగాలి. "పండగ ఎక్కడికీ పారిపోదు. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం సెలవిస్తాం, అప్పుడు చేసుకోండి" అన్నాడు సూపర్‌వైజర్ వాంబుగు. యేసు పుట్టినరోజును కంపెనీ వాయిదా వేస్తుంటే మేం గంగిరెద్దుల్లా తలలూపాం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కంపెనీ ఇచ్చిన ఇళ్లలో నా పక్క గదిలో క్వాంబోకా ఉండేది. ఆమె కూతురు బోసిబోరికి ఆరేళ్లు. ఆ పిల్ల రోజూ ఒకటే అడిగేది.

"అమ్మా, యేసు ఇంకా పుట్టలేదా?"

"లేదే తల్లీ. వాళ్లమ్మక్కూడా సెలవు దొరకలేదు."

మేం పగలబడి నవ్వేవాళ్లం. పిల్ల మాత్రం నవ్వేది కాదు.

చివరికి ఆ ఆదివారం వచ్చింది. కంపెనీ ఇళ్ల వరస ముందు అందరం కలిసి ఒక మేకను కోశాం. క్రిస్మస్ అంటే మా పిల్లలకు చపాతీ. మిగతా ఏడాదంతా మొక్కజొన్న ముద్దే కదా. డిసెంబరులో తడిసిన బట్టలనే ఉతికి, కొత్తవని చెప్పి తొడిగాం. పిల్లలు పొయ్యి చుట్టూ చేరి, కదిలితే చపాతీ ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు కూర్చున్నారు.

మొదటి చపాతీ పెనం మీద ఉండగానే లారీ హారన్ మోగింది.

"ఎక్కండి, ఎక్కండి! ఇంగ్లండులో తల్లుల పండగ వస్తోంది, పెద్ద ఆర్డరు. మీ క్రిస్మస్ ఈస్టర్‌తో కలిపి చేసుకోండి!" వాంబుగు అరిచాడు.

"తల్లుల పండగా? మరి మేమెవరం సార్, మేకలమా?" అంది క్వాంబోకా.

"నీకు నోరెక్కువైంది. రానివాళ్లకి రేపట్నుంచి పనీ లేదు, ఇల్లూ లేదు."

మాతో పనిచేసే నెకేసా అప్పటికే లేచి బట్టలు దులుపుకుంటోంది. "పదండే, ఎక్కుదాం. ఇల్లు పోతే పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతాం? బోసిబోరి వాళ్లమ్మా, నువ్వే చెప్పు, వీళ్ల మీద మనం గెలుస్తామా?"

"గెలవం."

"మరి?"

"ఈస్టర్ కూడా ఇవ్వడే వాడు. అప్పుడేం చెప్తావు నీ కొడుక్కి? నా పిల్లకి ఇంకో అబద్ధం చెప్పడం నావల్ల కాదు. నేను ఎక్కను."

నెకేసా లారీ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. తర్వాత దభీమని కూలబడి అప్పడాల కర్ర అందుకుంది. "పిండి ఎండిపోతోంది" అంది విసురుగా. మా మీటింగు అంతే. ఒక్కొక్కరుగా అందరం కూర్చున్నాం. లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. మేకకూర గిన్నెను బూటుకాలితో తన్నారు. మా పరుపులు, బిందెలు వీధిలోకి విసిరారు. క్వాంబోకాను రెక్క పట్టి ఈడ్చుకుపోతుంటే ఆమె చేతులకింకా పిండి ఉంది. "ఆపొద్దు! పిల్లలకు పెట్టండి! పండగ ఆపొద్దు!" అని అరుస్తూనే ఉంది. పెట్టాం. పిల్లలు ఏడుస్తూనే తిన్నారు. అంత దిక్కుమాలిన పండగ నా బతుకులో చూడలేదు. బోసిబోరి ఒక చపాతీ తినకుండా గుడ్డలో చుట్టి అమ్మకోసం దాచింది.

మర్నాడు మూటాముల్లెతో తోట గేటు ముందు రోడ్డు పక్కన కూర్చున్నాం. యూనియన్ నాయకుడు ఫోన్ ఎత్తలేదు. ఇంతలో ఎక్కడో దూరం నుంచి కొత్త ఆడవాళ్లను నింపుకుని లారీ వచ్చింది. "దిగండి! అది మా పని!" అని గొంతులు చించుకున్నాం. వాళ్లు తలలు దించుకున్నారు.

గేటు తాళం తీసేదాకా లారీ ఆగింది. బోసిబోరి వెళ్లి, ఒకామెకు గుడ్డమూట అందించింది.

"ఏంటిది పాపా?"

"క్రిస్మస్ చపాతీ. మా అమ్మది. అమ్మని పోలీసులు పట్టుకెళ్లారు."

"ఇప్పుడు క్రిస్మస్ ఏంటి?"

"వాళ్లు ఇవ్వలేదు. మేమే చేసుకున్నాం."

ఆమె పక్కవాళ్ల మొహాలు చూసింది. "మేం పనిచేసే తోటలోనూ పండగ వాయిదా వేశారు. పిల్లల్ని ఊళ్లో వదిలొచ్చాం. ఈస్టర్‌కి ఇంటికి పంపిస్తామన్నారు" అంది మెల్లగా.

ఆ చపాతీని తుంచి లారీలో అందరికీ ఇచ్చింది. గేటు తెరుచుకుంది. ఒక్కరు కూడా దిగలేదు. దిగారని మీకు అబద్ధం చెప్పను.

లారీ కదులుతుంటే ఆమె వెనక్కి వంగి అడిగింది. "ఈస్టర్‌కి మమ్మల్ని పంపకపోతే, మిమ్మల్ని ఎక్కడ కలవాలి?"

"ఇక్కడే" అన్నాం.